కౌన్సిల్ ఓటేసిన రోజే డబ్బు సంగతి తేలిపోయిందా?

(అమెరికాలో స్థిరపడిన తెలుగువారి కోసం ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

వెనక వరసల్లో వినిపిస్తోందా అండీ? సరే, మొదలుపెడదాం.

కోవిడ్ తర్వాత మనం ఉండే ఊళ్లకి ఫెడరల్ ప్రభుత్వం నుంచి డబ్బొచ్చింది. మహానగరాలకి వందల మిలియన్లు వచ్చాయి, వెయ్యి మంది కూడా లేని ఊళ్లకీ వచ్చింది. ఆ డబ్బుతో ఒక ఊళ్లో నీళ్ల పైపులు మార్చారు. ఇంకో ఊళ్లో ఫైరింజన్ కొన్నారు. ఇంకో చోట అద్దె కట్టలేనివాళ్లకి సాయం చేశారు. మరో చోట పోలీసుల జీతాలిచ్చేశారు, అంతే. ఎవరు తేల్చారండీ ఇదంతా? ఎప్పుడు తేల్చారు? కౌన్సిల్ మీటింగులో చేతులెత్తిన రోజు అని చాలామంది అనుకుంటారు. కాదు. చేతులెత్తడం మధ్యలో వచ్చే ఒక మెట్టు. దానికి ముందు రెండు చోట్ల, దాని తర్వాత ఒక చోట అసలు సంగతి తేలుతుంది. ఆ మూడు చోట్లా జనం ఉండరు. జనం వచ్చేది ఓటు రోజున, మూడు నిమిషాల మైకు కోసం. అందుకే ఇవాళ ఆ మూడు చోట్ల గురించే ఎక్కువ చెప్తాను, మిగతాది గబగబా దాటేస్తాను.

ముందు డబ్బు సంగతి. అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం మీద 2021 మార్చి 11న సంతకం అయింది. ఆఫీసుల్లో అందరూ ఆర్పా అంటారు, మనమూ అలాగే అందాం. మొత్తం చట్టం 1.9 ట్రిలియన్ డాలర్లు. అందులో రాష్ట్రాలకీ స్థానిక ప్రభుత్వాలకీ పక్కన పెట్టింది 350 బిలియన్. రాష్ట్రాలకీ వాషింగ్టన్ డీసీకీ కలిపి 195.3 బిలియన్, కౌంటీలకి, అంటే మన జిల్లాల్లాంటివాటికి, 65.1, పెద్ద నగరాలకి 45.57, చిన్న ఊళ్లకి 19.53, గిరిజన ప్రభుత్వాలకి 20, ప్యూర్టో రికో లాంటి భూభాగాలకి 4.5. ఇంచుమించు సగం 2021లో, మిగతా సగం ఏడాది తర్వాత.

ఇందులో కొత్తేముంది అంటారా? 2020లో కేర్స్ చట్టం కింద కూడా 150 బిలియన్ ఇచ్చారు కదా అని. ఇచ్చారు. కానీ అప్పుడు నేరుగా డబ్బు అందుకున్న స్థానిక ప్రభుత్వాలు 5 లక్షల జనాభా దాటినవి మాత్రమే. పైగా పన్నుల రాబడి పడిపోయిందని ఆ డబ్బుతో పూడ్చుకోవడానికి వీల్లేదు. ఆర్పాలో ఆ రెండూ మారాయి. చిన్న ఊరికీ వాటా దొరికింది, రాబడి లోటుకీ వాడుకోవచ్చన్నారు. ఈ రెండోది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

వాటాలు ఎలా పంచారంటే, కౌంటీలకి జనాభాని బట్టి. పెద్ద నగరాలకి ఎప్పటినుంచో ఉన్న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ ఫార్ములా, అందులో పేదరికం, పాత ఇళ్లు, ఇరుకు ఇళ్లు లెక్కలోకి వస్తాయి. అందుకే డెట్రాయిట్‌కి 826.7 మిలియన్ వచ్చింది. సాధారణంగా 50,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకి రాష్ట్రం ద్వారా వచ్చింది, జనాభా లెక్కన, అయితే 2020 జనవరి 27 నాటికి ఉన్న బడ్జెట్‌లో 75 శాతం మించకుండా.

ఇక్కడ మనవాళ్లు పొరపాటు పడే చోటు ఒకటుంది. మీ ఇంటి మెయిలింగ్ అడ్రసులో ఒక సిటీ పేరుంటుంది. ఇల్లు మాత్రం ఆ సిటీ హద్దుల్లో ఉండకపోవచ్చు, అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ఏరియాలో, అంటే ఏ సిటీ కిందా లేని చోట, ఉండొచ్చు. అప్పుడు మీ తరఫున తేల్చేది సిటీ కౌన్సిల్ కాదు, కౌంటీ. మీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి, సిటీ పేరుతో ఒక లైను ఉందా లేదా అని. లేకపోతే చాలా చోట్ల మీరు సిటీ హద్దుల బయట ఉన్నట్టే, అప్పుడు సిటీ హాల్లో ఎంత బాగా మాట్లాడినా లాభం లేదు. అలాగే స్కూళ్ల డబ్బు వేరు. అదే చట్టంలో స్కూళ్లకి దాదాపు 122 బిలియన్ విడిగా ఇచ్చారు, దాని గడువులు వేరు, దాన్ని చూసేది స్కూల్ బోర్డు. ఏసీలు పాడైపోయిన క్లాసురూముల గురించి మేయర్‌ని నిలదీస్తే ఆయన చేసేదేమీ ఉండదు.

సరే. డబ్బొచ్చింది. దేనికి పెట్టొచ్చు? చట్టం నాలుగు దార్లు పెట్టింది. ఒకటి, కోవిడ్‌ని ఎదుర్కోవడానికీ, దానివల్ల ఇళ్లకీ వ్యాపారాలకీ స్వచ్ఛంద సంస్థలకీ జరిగిన నష్టానికీ. రెండు, ఆ రోజుల్లో బయటికొచ్చి పనిచేసిన వర్కర్లకి అదనపు జీతం: గంటకి 13 డాలర్ల దాకా, మనిషికి మొత్తం 25,000 మించకుండా. మూడు, పడిపోయిన రాబడి మేరకు ప్రభుత్వ సేవలకి. నాలుగు, నీళ్లు, మురుగునీరు, బ్రాడ్‌బ్యాండ్. 2022 డిసెంబరులో ఇంకో చట్టం తెచ్చి ప్రకృతి వైపరీత్యాల సాయం, రోడ్లు రవాణా లాంటివి కలిపారు గానీ అప్పటికే చాలా ఊళ్లు ప్లాన్లు వేసేసుకున్నాయి.

చెయ్యకూడనివి కూడా చెప్పారు. పెన్షన్ ఫండ్‌లో ఒకేసారి పెద్ద మొత్తం వెయ్యకూడదు. పాత అప్పుల అసలు, వడ్డీ కట్టకూడదు. కష్టకాలం కోసమని దాచే నిధిలో వెయ్యకూడదు. కోర్టు తీర్పుల సొమ్ము కట్టకూడదు. రాష్ట్రాలైతే పన్నులు తగ్గించి ఆ లోటు దీంతో పూడ్చకూడదు.

ఇంకో మాట. ఫెడరల్ రూలు ఒప్పుకుంటే సరిపోదు, రాష్ట్ర చట్టం కూడా ఒప్పుకోవాలి. మిషిగన్‌లో ఒక కౌంటీ కమిషనర్లు 2021లో ఈ డబ్బులోంచి తమకి తామే బోనస్ మంజూరు చేసుకున్నారు. పత్రికల్లోకెక్కింది, గొడవైంది, వెనక్కి ఇచ్చేయాలని తీర్మానం చేశారు. నీతి సంగతి పక్కన పెట్టండి. చేసేసిన పనికి ఆ తర్వాత అదనంగా ఇవ్వకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. ప్రజల సొమ్ము ప్రైవేటు వాళ్లకి ఊరికే ఇవ్వకూడదనే నియమం చాలా రాష్ట్రాల్లో ఉంది. అందుకే సిటీ అటార్నీ ప్రతి ప్రాజెక్టుకీ రెండు ప్రశ్నలు వేస్తాడు: ట్రెజరీ, అంటే ఈ డబ్బిచ్చే ఫెడరల్ ఆర్థిక శాఖ, ఒప్పుకుంటుందా, మన రాష్ట్రం ఒప్పుకుంటుందా.

మొదటి చోటు: ఏ దారిలో పెట్టాలి

ఇది ఫైనాన్స్ డైరెక్టర్ గదిలో తేలుతుంది. ఇందాక గుర్తు పెట్టుకోమన్నానే, రాబడి లోటు? అదే ఇది. నా లెక్కన మొత్తం వ్యవహారంలో ఇంతకంటే పెద్ద నిర్ణయం లేదు. దీని మీద పబ్లిక్ హియరింగ్ పెట్టిన ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

లోటు ఎలా లెక్కకట్టాలంటే, ఒక ఊరు ఊహించుకుందాం. ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. కోవిడ్‌కి ముందు ఆఖరి పూర్తి సంవత్సరం, అంటే 2019 జూన్‌తో ముగిసిన సంవత్సరంలో రాబడి 20 మిలియన్. ఫెడరల్ గ్రాంట్లు ఇందులో కలపకూడదు. కోవిడ్ రాకపోతే ఈ రాబడి ఏడాదికి 5.2 శాతం పెరిగేదని ట్రెజరీ అనుకోనిస్తుంది. 2021 మే నాటి తొలి నియమాల్లో 4.1 అన్నారు, 2022 జనవరిలో వచ్చిన తుది నియమాల్లో 5.2 చేశారు. ఊరి సొంత పెరుగుదల అంతకంటే ఎక్కువుంటే అదే వాడుకోవచ్చు. 2020 డిసెంబరు ఆఖరుకి ఏడాదిన్నర గడిచింది. 20 మిలియన్ ఏడాదిన్నరకి 5.2 చొప్పున పెరిగితే దాదాపు 21.58. ఆ ఏడాది నిజంగా వచ్చింది 20.3 అనుకోండి. తేడా 1.28 మిలియన్. అంటే చూడండి, రాబడి తగ్గలేదు, 20 నుంచి 20.3కి పెరిగింది. అయినా కాగితం మీద 1.28 మిలియన్ లోటు! ఇలా 2020, 21, 22, 23 నాలుగేళ్లూ లెక్కకట్టి కలుపుకోవచ్చు.

ఇంత లెక్క కూడా ఎందుకని తుది నియమాల్లో ఇంకో వెసులుబాటు ఇచ్చారు. లెక్కకట్టక్కర్లేదు, 10 మిలియన్ దాకా, మన లెక్కలో కోటి డాలర్లు, రాబడి లోటు కింద రాసేసుకోండి అన్నారు. లోటు ఉందని చూపించక్కర్లేదు. మరి మీ ఊరికి వచ్చింది 6 మిలియనే అనుకోండి. ఏమవుతుంది? ఆరుకి ఆరూ లోటు కింద పోయాయి. చిన్న ఊళ్లలో ఎక్కువ చోట్ల జరిగింది ఇదే.

దానివల్ల ఒరిగేదేంటి? ఆ గడిలో పెడితే ఊరు మామూలుగా చేసే దాదాపు ఏ పనికైనా వాడొచ్చు: రోడ్లు, పోలీసు, పార్కు, కంప్యూటర్లు, లైబ్రరీ. కోవిడ్‌తో సంబంధం చూపించక్కర్లేదు. టెండర్ల విషయంలో ఫెడరల్ నియమాల బదులు ఊరి సొంత నియమాలు చాలు. అదే మొదటి దారిలో, అంటే కోవిడ్ నష్టం కింద పెడితే ఎవరికి నష్టం జరిగింది, ఈ సాయం ఆ నష్టానికి సరిపడా ఉందా, మించి ఉందా అని రాసిపెట్టాలి. ఒక మిలియన్ దాటిన భవనమో సామగ్రో అయితే రాతపూర్వకంగా సమర్థించుకోవాలి. కాబట్టి ఫైనాన్స్ డైరెక్టర్ని తప్పుపట్టను, ఆడిట్‌లో ఇరుక్కోకుండా ఉండడం ఆయన ఉద్యోగం.

కానీ ఒక తిరకాసు ఉంది, జాగ్రత్తగా వినండి. ఊరు ఈ డబ్బుతో పోలీసు, ఫైర్ జీతాలిస్తుంది. ఆ జీతాల కోసం జనరల్ ఫండ్‌లో, అంటే ఊరి మామూలు ఖర్చుల ఖాతాలో, ఉంచిన సొమ్ము మిగిలిపోతుంది. మిగిలిన ఆ సొమ్ముకి ఫెడరల్ గడువు లేదు, ఫెడరల్ షరతు లేదు. దానితో ఏమైనా చేసుకోవచ్చు. ఇది దొంగతనం కాదండీ, పూర్తిగా చట్టబద్ధం, మంచి ఆర్థిక నిర్వహణ అని కూడా అంటారు. అయితే మీకేం కనిపిస్తుంది? ట్రెజరీకి పంపే రిపోర్టులో 6.1 అనే నంబరు, పక్కన ‘ప్రభుత్వ సేవలు’ అని ఒక్క లైను, ఎదురుగా 6 మిలియన్. అసలు కొత్తగా ఏం జరిగిందో ఆ లైను చెప్పదు. అందుకని మీరు అడగాల్సింది ‘ఆర్పా డబ్బు ఏం చేశారు’ అని కాదు. దానికి ‘జీతాలిచ్చాం’ అని నిజాయితీగా జవాబొస్తుంది, మీరు నోరు మూసుకుని కూర్చోవాలి. ‘ఆర్పా వల్ల జనరల్ ఫండ్‌లో మిగిలిన డబ్బు ఏ ప్రాజెక్టుకి మళ్లించారు, ఆ తీర్మానం నంబరేంటి’ అని అడగండి.

రెండో చోటు: జాబితా ఎవరు రాశారు

కౌన్సిల్ ముందుకి వచ్చే జాబితా ఆకాశం నుంచి ఊడిపడదు. మేయర్ నడిపే ఊళ్లో మేయర్ ఆఫీసు, సిటీ మేనేజర్ ఉన్న ఊళ్లో మేనేజర్ ఆఫీసు రాస్తుంది. ఎలా రాస్తారు? డిపార్టుమెంటు హెడ్‌లందర్నీ అడుగుతారు, మీకేం కావాలని. అడిగితే ఎవరైనా వద్దంటారా? 12 మిలియన్ ఉన్న చోట 40 మిలియన్‌కి కోరికల చిట్టా వస్తుంది. అందులో సగం పదేళ్లుగా సొరుగుల్లో ఉన్న ప్రాజెక్టులే, క్యాపిటల్ ప్లాన్‌లో వెనక్కి నెడుతూ వచ్చినవి. సొరుగులో ప్రాజెక్టు ఉన్న డిపార్టుమెంటుకి పెద్ద సౌకర్యం: డ్రాయింగులు రెడీ, అంచనా రెడీ. పబ్లిక్ వర్క్స్ వాళ్ల దగ్గర అవి ఉంటాయి. పిల్లల మానసిక ఆరోగ్యానికి డ్రాయింగులు ఎవరి దగ్గరుంటాయండీ? అందుకే అది వెనకబడిపోతుంది, ఎవరికీ ఇష్టం లేక కాదు.

ఈ చిట్టాని తగ్గించడానికి మార్కులేస్తారు. ఒక మామూలు పట్టిక ఎలా ఉంటుందంటే, నిబంధనలకి సరిపోతుందా, ఇది అవును కాదు ప్రశ్న, కాదంటే అక్కడే ఆగిపోయింది. తర్వాత ఎంతమందికి ఉపయోగం, కోవిడ్ దెబ్బ ఎక్కువ తిన్న పేటలకి చేరుతుందా, గడువులోపు పూర్తవుతుందా, ఇంకెక్కడైనా డబ్బు దొరుకుతుందా, తర్వాత ఏటేటా ఖర్చు ఉందా. ఒక్కోదానికి ఇన్ని మార్కులని. ఇక్కడ చూడాల్సింది మార్కులు కాదు, వెయిట్లు. ‘గడువులోపు పూర్తవుతుందా’ అనేదానికి 30, ‘పేద పేటలకి చేరుతుందా’ అనేదానికి 10 పెట్టారనుకోండి. ఒక్క ప్రాజెక్టు కూడా చదవకుండానే ఫలితం చెప్పేయొచ్చు, రోడ్లు, రూఫులు గెలుస్తాయి. ఆ వెయిట్లు ఎవరు పెట్టారు? నలుగురు స్టాఫ్, ఒక మధ్యాహ్నం పూట. దుర్బుద్ధితో కాదు, ఎవరూ వచ్చి వేరేలా చెప్పలేదు కాబట్టి.

ఇవన్నీ కౌన్సిల్ వర్క్ సెషన్లలో చర్చకొస్తాయి. ఓటుండదు, జనం ఉండరు, టీవీలో వచ్చినా ఎవరూ చూడరు. కానీ తలుపు తెరిచే ఉంటుంది, అజెండా ముందే వెబ్‌సైట్లో పెడతారు. మీకు వెళ్లడానికి ఒకే ఒక్క సాయంత్రం తీరికుంటే ఓటు రోజున వెళ్లకండి, వర్క్ సెషన్‌కి వెళ్లండి.

ఆ పట్టికలో ఆఖరుది చూశారే, ఏటేటా ఖర్చు? దాని దగ్గర కాసేపు ఆగుదాం. ఇది ఒక్కసారి వచ్చిన డబ్బు. పెళ్లిలో చదివింపులు బాగా వచ్చాయని ముప్పయ్యేళ్ల ఈఎంఐకి ఎవరైనా సంతకం పెడతారా? ఊళ్లు పెట్టాయి. పది మంది కొత్త ఉద్యోగుల్ని పెట్టుకున్నాయి, జీతం ఈ డబ్బులోంచి. నిబంధనలు కూడా ఒప్పుకున్నాయి: కోవిడ్‌కి ముందున్న పోస్టుల సంఖ్యకంటే 7.5 శాతం దాకా ఎక్కువ పెట్టుకోవచ్చన్నాయి. మరి డబ్బైపోయాక? పన్ను పెంచాలి, లేదా ఆ పది మందినీ పంపెయ్యాలి. కొత్త కమ్యూనిటీ సెంటర్ కట్టినా అంతే. కట్టడం ఒక్కసారే, కరెంటు, ఇన్సూరెన్స్, కాపలా, ఊడ్చేవాళ్లు ప్రతి ఏడాదీ. అందుకే ప్రతి ప్రాజెక్టు కాగితంలోనూ ‘2027లో దీని ఖర్చెంత, ఏ ఫండ్‌లోంచి’ అని ఒక గడి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే, లేదా ‘గ్రాంట్లు వెతుకుతాం’ అని ఉంటే, ఆ ప్రాజెక్టు ఇంకా పండలేదన్నమాట.

దీనికి ఎదురు పద్ధతి కూడా ఉంది, బాగుంటుంది కూడా. షికాగో ఉన్న కుక్ కౌంటీ తన వాటాలోంచి 12 మిలియన్ పెట్టి జనం ఆస్పత్రి బాకీలు కొనేసి రద్దు చేసే కార్యక్రమం పెట్టింది. ఇలాంటి బాకీలు ముఖవిలువలో చిన్న భాగానికే దొరుకుతాయి. కొన్నారు, రద్దు చేశారు, అయిపోయింది. తోక ఖర్చు లేదు. అదే కౌంటీ 3,250 కుటుంబాలకి నెలకి 500 డాలర్ల చొప్పున రెండేళ్లు ఇచ్చే పథకానికి 42 మిలియన్ పెట్టింది. అది మంచిదా కాదా అనేది వేరే వాదన. రెండేళ్లు అని ముందే చెప్పారు చూశారా, అది ముఖ్యం.

ఇళ్లకి నేరుగా సాయం ఇవ్వాలనుకుంటే అర్హత ఎలా చూడాలనేది ఇంకో పేచీ. ట్రెజరీ కొంత తేలిక చేసింది. తక్కువ ఆదాయం అంటే ఫెడరల్ పేదరిక రేఖకి 185 శాతం, ముగ్గురున్న కుటుంబానికి అప్పటి లెక్కలో 40,626 డాలర్లు. మధ్యస్థం అంటే 300 శాతం, 65,880. ఆ లోపు ఉంటే నష్టపోయారనే అనుకోవచ్చు, ఉద్యోగం పోయిందని రుజువు అడగక్కర్లేదు. ఇంకా తేలికగా, పేదరికం ఎక్కువుందని ముందే గుర్తించిన సెన్సస్ ట్రాక్టులు, అంటే జనాభా లెక్కల కోసం గీసిన పేటలు, ఉంటాయి, అక్కడ పెట్టే కార్యక్రమానికి ఇంటింటి లెక్క అడగక్కర్లేదు. అయినా కొన్ని ఊళ్లు భయంతో జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందం అన్నీ అడిగాయి, అదీ ఇంగ్లీషు ఫారం మీద. ఇంటి ఓనరుకి చేత్తో నగదిచ్చి ఉండే మనిషి ఆ కాగితాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? డబ్బు మిగిలిపోయింది. మిగిలితే ‘చూశారా, అవసరం లేదు’ అని దాన్ని పార్కింగ్ లాటుకి మళ్లించడం.

ఇక పబ్లిక్ హియరింగులు, సర్వేలు. గబగబా దాటేస్తానన్నాను కదా. ఆన్‌లైన్ సర్వే పెడితే జవాబిచ్చేది ఎక్కువగా సొంతిల్లున్న, వయసు మళ్లిన, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు. సర్వే ఫలితం కాదు, ఏ జిప్ కోడ్ నుంచి ఎన్ని జవాబులొచ్చాయో అడగండి, సరిపోతుంది.

ఓటు. ఆర్డినెన్స్, అంటే ఊరి చట్టం, మొదటిసారి చదువుతారు, రెండో మీటింగులో ఓటేస్తారు, బడ్జెట్ సవరిస్తారు, డబ్బు ఒక ప్రత్యేక ఫండ్‌లో కేటాయిస్తారు. ఫొటోలు దిగుతారు. అందరూ ఇంటికెళ్తారు.

మూడో చోటు: సంతకం

ఇప్పుడు అసలు కథ. చట్టం ప్రకారం 2021 మార్చి 3 నుంచి అయిన ఖర్చులే చెల్లుతాయి. ఆ డబ్బుని 2024 డిసెంబరు 31లోపు ఆబ్లిగేట్ చేసి ఉండాలి, 2026 డిసెంబరు 31లోపు ఖర్చుపెట్టాలి. ఆబ్లిగేట్ అంటే కౌన్సిల్ కేటాయించడం కాదు. మళ్లీ చెప్తున్నాను, కౌన్సిల్ కేటాయించడం కాదు. బయటివాళ్లకి డబ్బు చెల్లించక తప్పని కాగితం ఉండాలి: సంతకమైన కాంట్రాక్టు, పర్చేజ్ ఆర్డరు, లేదా సబ్‌అవార్డు, అంటే ఊరి తరఫున పని చెయ్యమని ఇంకో సంస్థకిచ్చే గ్రాంటు. కౌన్సిల్ ఏడుకి సున్నాతో ఓటేసినా డిసెంబరు 31 నాటికి ఎదుటి పక్షం సంతకం లేకపోతే ఆ సొమ్ము ట్రెజరీకి వెనక్కి పోవాల్సిందే.

వెనక్కి లెక్కేసి చూద్దాం. ఒక వీధి కింద పాత నీటి పైపు మార్చాలి. ఇంజినీరుని ఎంచుకోవడానికి ప్రకటన, ఇంటర్వ్యూలు, ఒప్పందం: మూడు నెలలు. సర్వే, డిజైను: ఆరు నెలలు. రాష్ట్రం పర్మిట్, రైల్వే లైను కిందుగా పోతే వాళ్ల అనుమతి: మూడు నుంచి ఆరు. టెండరు ప్రకటన, ప్రశ్నలు, బిడ్లు తెరవడం: నెలన్నర. కౌన్సిల్ ఆమోదం, బాండ్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, సంతకాలు: ఇంకో నెలన్నర. ఏడాదీ పావు, ఏడాదిన్నర అయింది, ఇంకా పార పెట్టలేదు. 2023 ఆఖర్లో ఓటేసిన ఊరికి ఇది కష్టం. అప్పుడేం చేస్తారు? డిసెంబరులో గడువు దగ్గర పడుతుంటే పైపు ప్రాజెక్టు పక్కకి పోతుంది, పర్చేజ్ ఆర్డరుతో ఒక్క రోజులో ఆబ్లిగేట్ అయ్యే వస్తువులు ముందుకొస్తాయి: పోలీసు కార్లు, లాన్ మూవర్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు. లేదా మొత్తం రాబడి లోటు కింద మార్చి జీతాల్లో కలిపేస్తారు. జనం ఓటు రోజున విన్న జాబితా ఒకటి, చివరికి డబ్బు పోయిన చోటు ఇంకోటి. అందుకే అన్నాను, తేలేది సంతకం దగ్గర అని.

బిడ్లు అంచనా దాటడం ఇంకో దెబ్బ. 2021లో వేసిన అంచనాతో 2023లో టెండరు తెరిస్తే, మధ్యలో స్టీలు, పైపులు, కూలి అన్నీ పెరిగాయి. పైగా దేశంలో ప్రతి ఊరూ ఒకేసారి అవే పనులకి టెండర్లు పిలిచింది, కాంట్రాక్టర్లు ఎంతమంది ఉంటారు? అంచనాలో 15 శాతం అయినా అనుకోని ఖర్చుల కింద ఉంచుకోని ఊళ్లు మళ్లీ కౌన్సిల్‌కి వెళ్లి ఇంకో ప్రాజెక్టు కోసి దీనికి కలపాల్సొచ్చింది.

ఆబ్లిగేట్ అయింది కదా, ఇక గండం గడిచిందా? లేదు, 2026 ఉంది. ఫైరింజన్ ఆర్డరిస్తే చేతికి రావడానికి రెండు మూడేళ్లు పట్టడం ఈమధ్య మామూలైపోయింది. 2024 డిసెంబరులో ఆర్డరిచ్చారు, 2027లో వస్తానంటుంది బండి. డబ్బు చెల్లేదెలా? ముందే ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, కొంత చెల్లించేలా కాంట్రాక్టు రాసుకున్నవాళ్లు నయం. పెద్ద జనరేటర్లు, స్విచ్‌గేర్ కూడా ఇదే బాపతు. నిర్మాణాల్లో ఇంకోటుంది, రిటెయినేజ్. పని పూర్తయ్యేదాకా ప్రతి బిల్లులో 5 నుంచి 10 శాతం ఆపుకుంటారు. ఆ ఆపిన డబ్బు కూడా గడువులోపు ఖర్చు లెక్కలోకి రావాలి. చిన్నచిన్న లోపాలు సరిచేసే జాబితా మీద కాంట్రాక్టరుతో పేచీ పడి జనవరి దాకా సాగదీశారో, ఆ వాటా ఊరి జేబులోంచే.

గడువు తర్వాత కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడానికి లేదు. అయితే ఒక ప్రాజెక్టులో కొంత మిగిలితే, అప్పటికే సంతకమై, నిబంధనలకి సరిపోయే ఇంకో ప్రాజెక్టుకి మళ్లించుకోవచ్చు. తెలివైన ఊళ్లు ఇలాంటి స్టాండ్‌బై కాంట్రాక్టులు ఒకటి రెండు సొంత డబ్బుతో ముందే సంతకం చేసి పెట్టుకున్నాయి.

స్వచ్ఛంద సంస్థల ద్వారా ఇచ్చిన డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఇందులో మనవాళ్లు నడిపే సంస్థలు కూడా ఉన్నాయి కాబట్టి. ఊరు మీకు డబ్బిస్తే మీరు ఎవరు? మీ సంస్థకే నష్టం వచ్చిందని ఇస్తే మీరు లబ్ధిదారు. రెస్టారెంటుకి నష్టపరిహారం ఇచ్చినట్టే, ఆ డబ్బుకి ఆడిట్ షరతులు మీ మీద ఉండవు. ఊరి తరఫున ఆహార పంపిణీ చెయ్యమని ఇస్తే మీరు సబ్‌రెసిపియెంట్. అప్పుడు ఫెడరల్ నియమాలన్నీ మీ మెడకి చుట్టుకుంటాయి: ఎవరు ఎన్ని గంటలు ఈ పని మీద ఉన్నారో టైమ్‌షీట్లు, ఫెడరల్ వెబ్‌సైటు శామ్ (SAM.gov) నుంచి తీసుకునే గుర్తింపు నంబరు, ఏడాదిలో అన్ని ఫెడరల్ నిధులూ కలిపి 7.5 లక్షల డాలర్లు దాటి ఖర్చుపెడితే సింగిల్ ఆడిట్. 2024 అక్టోబరు నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకి ఆ హద్దు ఒక మిలియన్ అయింది. ఆ ఆడిట్ ఖర్చే ఒక చిన్న సంస్థకి మోయలేని బరువు.

ఎక్కువ చోట్ల చెడింది ఇంకో దగ్గర, రీయింబర్స్‌మెంట్ అనే పద్ధతి దగ్గర. ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు పంపండి, 45 రోజుల్లో ఇస్తాం అంటారు. బ్యాంకులో రెండు నెలల జీతం కూడా లేని సంస్థ ముందు ఎలా పెడుతుంది? దాంతో డబ్బున్న పెద్ద సంస్థలకే కాంట్రాక్టులు పోతాయి, పేటలో జనంతో కలిసి తిరిగే చిన్న సంస్థ తప్పుకుంటుంది. ఆర్పాలో ముందుగా అడ్వాన్స్ ఇవ్వడానికి ట్రెజరీ నుంచి అడ్డేమీ లేదు. ఊరు కాంట్రాక్టులో రాయాలి, అంతే. కాబట్టి సంతకం పెట్టేముందు చెల్లింపు క్లాజు చదవండి, మొదటి త్రైమాసికం అడ్వాన్స్ అడగండి. అడిగితే ఇచ్చిన ఊళ్లున్నాయి.

సమయం అయిపోతోందని చెయ్యి చూపిస్తున్నారు. రెండే విషయాలు.

రిపోర్టులు. 10 మిలియన్ దాటి తీసుకున్న నగరాలు, కౌంటీలు మూడు నెలలకోసారి ట్రెజరీకి ప్రాజెక్టులవారీగా లెక్క పంపాలి. అంతకంటే తక్కువ తీసుకున్నవీ, చిన్న ఊళ్లూ ఏడాదికోసారి, ఏప్రిల్ 30లోపు. రెండున్నర లక్షల జనాభా దాటిన చోట వీటికి తోడు ఏటా జులై 31లోపు రికవరీ ప్లాన్ అని ఒక పత్రం, సొంత వెబ్‌సైట్లో పెట్టి తీరాలి. ప్రతి ప్రాజెక్టు పక్కనా మూడు అంకెలుంటాయి: కేటాయించింది, ఆబ్లిగేట్ చేసింది, ఖర్చుపెట్టింది. మూడో అంకె రెండోదానికి బాగా వెనకబడి ఉంటే ఆ ప్రాజెక్టు పేరు రాసుకుని కౌన్సిల్ మెంబరుకి ఈమెయిల్ పెట్టండి.

రెండోది వడ్డీ. ఇది ఎవరూ అడగరు. ఈ డబ్బు ముందే ఊరి ఖాతాలో పడింది, రెండు మూడేళ్లు కూర్చుంది, 2022 తర్వాత వడ్డీ రేట్లు పెరిగాయి. ఆ వడ్డీ ట్రెజరీకి తిరిగి ఇవ్వక్కర్లేదు, దానికి ఆర్పా షరతులూ లేవు. ఊరు ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చు. పెద్ద మొత్తం వచ్చిన చోట ఆ వడ్డీ చిన్న సొమ్మేమీ కాదు. ఫైనాన్స్ ఆఫీసుకి పబ్లిక్ రికార్డ్స్ అభ్యర్థన పెట్టండి: ఆర్పా ఫండ్ మీద ఇప్పటిదాకా వచ్చిన వడ్డీ ఎంత, ఏ ఖాతాకి బదిలీ చేశారు. రెండు లైన్లు చాలు. డబ్బు మొత్తం ఖర్చయ్యాక కూడా ఐదేళ్లు ఆ కాగితాలు ఉంచాలనేది షరతు, కాబట్టి మా దగ్గర లేవు అనడానికి వీల్లేదు.

ఇక మీ ప్రశ్నలు. ముందు అక్కడ, కిటికీ పక్కన చెయ్యెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి.